పూత వేయని వైపు

ముందుగా ఒక మనవి. నేను అక్షరాలు నేర్చుకున్నది ముసలితనంలో. ఒత్తులు తప్పిపోతే, వాక్యం ఒకచోట మునిగి ఇంకోచోట తేలితే మన్నించండి. రాయడం కూడా నిదానమే. నేనొక పేజీ నింపేలోపు పొయ్యి మీద పాలు కాచి, చల్లార్చి, మళ్ళీ కాచుకోవచ్చు. మా ఆయన పోయాక ఆయన చేస్తున్న పని నాకిచ్చారు. ఆసుపత్రిలో ట్రేల మీద "కడిగినవి", "కడగనివి" అని కాగితాలు అంటించి ఉండేవి. ఆ రెండూ ఒకేలా కనిపించే మనిషి చేతిలో ట్రేలు పెట్టకూడదని రిసెప్షన్ అమ్మాయి మధ్యాహ్నాలు కూర్చోబెట్టి నాకు అక్షరాలు దిద్దించింది. ఆ చదువుతోనే ఇది రాస్తున్నాను.

మాది పళ్ళ ఆసుపత్రి. వంకర పళ్ళకు తీగలు కట్టే విభాగం మేడ మీద ఉంటుంది. పొడుగాటి హాలు, వరసగా వాలు కుర్చీలు, కుర్చీకొక దీపం, ఉమ్మడానికొక గిన్నె. హాలు చివర నా గది. వాడిన పనిముట్లన్నీ నా దగ్గరికి వస్తాయి. వాటిని నానబెట్టి, తోమి, ఆరబెట్టి, సంచుల్లో మూసి, ఆవిరి పెట్టెలో పెడతాను. లోకమంతా పళ్ళు తోముకుని రోజు మొదలుపెడుతుంది. నేను ఆ పళ్ళ మీద వాడిన సామాను తోముతూ రోజు ముగిస్తాను.

ఇది నా కథ కాదు, పూత డాక్టరమ్మ కథ. ఆమె అప్పటికే పళ్ళ డాక్టరు. ఆ పైన పెద్ద చదువు చదవడానికి వచ్చింది. ఆ చదువు పూర్తి కావాలంటే ఒక పరిశోధన చేసి, రాసి, ఒప్పించుకోవాలి. ఆమె పట్టుకున్న విషయం ఇది. తీగ నిలవడానికి ఒక్కొక్క పంటికి చిన్న లోహపు బిళ్ళ అంటిస్తారు. ఆ బిళ్ళ చుట్టూ పాచి చేరుతుంది. ఏడాదికో రెండేళ్ళకో పళ్ళు వరసలోకి వచ్చాక బిళ్ళలు తీసి చూస్తే, వాటి చుట్టూ సుద్దతో గీసినట్టు తెల్లటి మచ్చలు ఉంటాయి. పంటి మీది గట్టి పొర అక్కడ గుల్లబారుతుందట. వంకర పోయిందని సంబరపడేలోపు నవ్వితే సున్నపు చుక్కలు కనిపిస్తాయి. పంటి పొరకు బలమిచ్చే మందు పూత ఒకటుంది. దాన్ని అప్పుడప్పుడు వేస్తే ఈ మచ్చలు ఆగుతాయా ఆగవా అన్నది తేల్చాలి.

అందుకు ఆమె ఎంచుకున్న పద్ధతి నాకు భలే నచ్చింది. ఒకే పిల్ల, ఒకే నోరు, ఒకే తిండి. నోట్లో ఒక సగానికి పూత వేస్తారు, రెండో సగానికి వేయరు. చివర్లో బిళ్ళలు తీశాక ఈ సగాన్నీ ఆ సగాన్నీ పోల్చి చూస్తారు. రెండో సగానికి మందు లేని ఉత్తి పూత చేయించి వేస్తే ఇంకా మంచిదని ఆమె మొదట్లో అన్నదట. అది చేయించి తెప్పించేసరికి పుణ్యకాలం గడిచిపోతుందని మా విభాగం పెద్దసారు వద్దన్నారు. పూత పసుపు రంగులో ఉంటుంది కాబట్టి ఏ వైపు వేశారో ఎలాగూ తెలిసిపోతుంది. పైగా ఆమెకు దాపరికం చేతకాదు. ప్రతి తల్లికీ అద్దం పెట్టి చూపించి, ఇదమ్మా పూత వేసిన వైపు, ఇదమ్మా వేయని వైపు, ఈ ఒక్క రాత్రికి పూత వేసిన వైపు గట్టిగా తోమకండి, రేపట్నుంచి రెండు వైపులా మామూలే అని ఓపిగ్గా చెప్పేది. తల్లులు తల ఊపేవాళ్ళు.

ఆమెకు మూడేళ్ళ కూతురు. ఆ పిల్ల వేరే ఊళ్ళో అమ్మమ్మ దగ్గర పెరుగుతోంది. భర్త ఉద్యోగం కూడా అక్కడే. పరిశోధన ముగిసిన మర్నాడే వెళ్ళిపోవాలని ఆమె ఆశ. అయితే కొందరు పిల్లలు మధ్యలో ఊరు మారిపోయారు, కొందరు బిళ్ళలు ఊడగొట్టుకుని మళ్ళీ రాలేదు. వాళ్ళ బదులు కొత్తవాళ్ళను చేర్చుకుంటూ గడువు పొడిగించుకుంటూ వచ్చింది. మధ్యాహ్నం నా గదిలో బోర్లించిన బకెట్ మీద కూర్చుని తినేది. ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో ఫోన్ పట్టుకుని కూతురితో మాట్లాడేది. ఆ పిల్ల అమ్మమ్మను అమ్మా అనేది. ఈమెను ఫోనమ్మ అనేది. ఆ మాట నాకు నవ్వుతూనే చెప్పింది. ఆ రోజు డబ్బాలో అన్నం సగం అలాగే మిగిలిపోయింది.

ఈ ఏడాది బిళ్ళలు తీయడం మొదలైంది. ఒక్కొక్క పిల్ల వచ్చి కుర్చీలో పడుకోవడం, ఆమె బిళ్ళలు తీసి, జిగురు గీకి, పళ్ళు ఆరబెట్టి, దీపం కింద ఫోటోలు తీయడం. తీసిన ప్రతిసారీ ఆమె భుజాలు కాస్త వాలేవి. ఏమైందని అడిగితే, రెండు వైపులా ఒకేలా ఉన్నాయి పిన్నీ, పూత వేసినా వేయకపోయినా తేడా లేదు అంది. పెద్దసారు మాత్రం, పనిచేయదని తేలడం కూడా తేలడమే కదా, సోమవారానికి రాసి ఇచ్చెయ్ అన్నారు. ఆమె రాసేసింది కూడా. ఇక మిగిలింది ఒకే ఒక్క పిల్ల. మా తోడికోడలి మనవరాలు.

ఆ పిల్లను చేర్పించింది నేనే. పన్ను మీద పన్నెక్కి ఉండేది. ఇంట్లో అందరూ జంటపన్ను అని పిలిచేవాళ్ళు. తల్లి కుట్టు కర్మాగారంలో షిఫ్టులు చేస్తుంది కాబట్టి పిల్ల పళ్ళ సంగతంతా నానమ్మదే, అంటే మా తోడికోడలిది. మా ఆయన పోయాక నేను ఉండేది ఆమె ఇంట్లోనే. ఆమె నాకన్నా పెద్దది, అక్కా అని పిలుస్తాను. ఆమె నన్ను ఏమే అని పిలుస్తుంది, కాపురానికి వచ్చిన రోజు నుంచీ అంతే.

శుక్రవారం పిల్లను తీసుకొచ్చింది. బిళ్ళలన్నీ తీశారు. రెండు వైపులా ఒకేలా ఉన్నాయి. అక్కడో చిన్న మచ్చ, ఇక్కడో చిన్న మచ్చ. డాక్టరమ్మ అందరినీ అడిగినట్టే, ఇంట్లో రెండు వైపులా సమానంగానే తోముతున్నారా అని అడిగింది. మీరు చెప్పినట్టేనమ్మా అంది మా అక్క. పిల్ల నోరు తెరిచి పడుకుని పైకప్పు కేసి చూస్తోంది.

ఇంటికి వెళ్ళేటప్పుడు బస్సులో పిల్ల కిటికీ దగ్గర కూర్చుని, కొత్తగా నున్నబడ్డ పళ్ళను నాలుకతో తడుముకుంటోంది. మా అక్క నా చెవి దగ్గరికి వంగింది.

"ఏమే, మీ డాక్టరమ్మ మొహం అలా వాడిపోయిందేంటి?"

పూత పనిచేయలేదట, రెండు వైపులా ఒకేలా వచ్చాయట అని చెప్పాను. ఆమె మొహం వెలిగిపోయింది.

"ఎందుకు రావు? చేతులు పడిపోయేలా తోమించా ఆ వైపు."

"ఏ వైపు అక్కా?"

"మందు లేని వైపు. పాపం, దానికెవరున్నారు? ఒక కడుపున ఇద్దరు పుడితే ఒకడికి పెట్టి ఇంకొకడిని పస్తుంచుతామా?"

"మరి మందున్న వైపు?"

"దాన్ని ఊరికే నీళ్ళు పోసి పుక్కిలించమన్నా. తోమితే మందు పోతుందని ఆవిడే చెప్పిందిగా."

"అది ఆ ఒక్క రాత్రికి."

"మంచి మాట ఒక్క రాత్రికే ఏంటే? చెప్పేవాళ్ళకి తెలీకపోతే వినేవాళ్ళకుండాలి."

నా మొహం చూసి ఆమెకు అనుమానం వచ్చింది. పళ్ళు మళ్ళీ వెనక్కి జరగకుండా పెట్టుకునే ప్లేటు ఇంకా చేయాలి. చెప్పినట్టు చేయలేదని తెలిస్తే ఆ ప్లేటు ఇవ్వకుండా గెంటేస్తారని ఆమె భయం. నువ్వు గనక ఆవిడ చెవిన వేశావో, నా గడప తొక్కకు అంది. దిగేటప్పుడు మళ్ళీ చేయి పట్టుకుని, అత్త కొట్టినందుకు కాదు గానీ తోడికోడలు నవ్వినందుకు ఏడ్చానని ఊరికే అన్నారా, నువ్వు నవ్వించకు నన్ను చూసి నలుగురినీ అంది. నవ్వే ఓపిక నాకెక్కడుంది?

రెండు రోజుల సెలవు అసలు సెలవులా గడవలేదు. బట్టలు ఉతికాను. నీళ్ళ కుండ కడిగాను. కక్కలేను, మింగలేను. చెబితే డాక్టరమ్మ ఇంకో ఏడాది ఇక్కడే బకెట్ మీద కూర్చుని తినాలి. చెప్పకపోతే మంగళవారం బండెక్కి కూతురి దగ్గరికి వెళ్ళిపోతుంది. ఆ పూత పనికొస్తుందో రాదో నాకు తెలియదు, తెలుసుకునే చదువూ లేదు. కానీ ఆమె రాసిన దాంట్లో, పిల్లలందరూ రెండు వైపులా ఒకేలా తోమారని ఉంటుంది. అది నిజం కాదని నాకు తెలుసు. తెలిసి ఊరుకుంటే ఆమె తెలియక రాసినది నేను తెలిసి రాయించినట్టవుతుంది. ఇంతకన్నా పెద్ద ఆలోచన నేను చేయలేదు.

సోమవారం పొద్దున ఆమె కాగితాల కట్ట చంకలో పెట్టుకుని నా గదికి వచ్చింది. ఇంకాసేపట్లో పెద్దసారు వస్తారు, ఇచ్చేస్తాను, సాయంత్రం సామాన్లు సర్దుకోవాలి అంది. రాత్రంతా రాసినట్టుంది, కళ్ళు లోపలికి పోయాయి. నేను చేతి తొడుగులు తీసి, బస్సులో విన్నది విన్నట్టు చెప్పాను. మా అక్క మాటలు మా అక్క మాటల్లోనే చెప్పాను.

ఆమె ఆవిరి పెట్టె కేసి తిరిగింది.

"ఈ మాట రేపు చెప్పుంటే సరిపోయేది కదా పిన్నీ" అంది.

కోపంగా అనలేదు. బరువు మోసేవాళ్ళు ఇంకొక అడుగు మిగిలుందని తెలిసినప్పుడు అన్నట్టు అంది. నేను క్షమించమనలేదు. అనాలో వద్దో తెలియలేదు.

మీ అక్క ఒక్కరే అయ్యుంటారులే, ఒక్కరైతే ఆ పిల్లను లెక్కలోంచి తీసేయచ్చు అని తనకు తానే ధైర్యం చెప్పుకుంది. బకెట్ మీద కూర్చుని ఫోన్ తీసింది. మొదట ఒక పిల్ల తల్లికి, దర్జీ ఆవిడకు చేసింది. రెండు వైపులా సమానంగా తోమించారా అని అడిగితే ఆవిడ, మీరు చెప్పినట్టేనమ్మా అంది. ఫోన్ పెట్టబోతూ డాక్టరమ్మ ఒక్క క్షణం ఆగి, ప్రశ్న మార్చింది. పూత వేయని వైపు కోసం ఏమైనా జాగ్రత్త తీసుకున్నారా అంది. అంతే, ఆవిడ గొంతు మారిపోయింది. ఎందుకు తీసుకోలేదు, ఆ వైపుకి వేరే పేస్టు, వేరే బ్రష్షు కొన్నాను, పొద్దున పిల్ల నిద్రమొహంతో ఉంటే నేనే దగ్గరుండి తోమాను అని గర్వంగా చెప్పుకొచ్చింది.

ఆ తర్వాత అందరినీ అదే ప్రశ్న అడిగింది. ఒక్కొక్కరూ ఒక్కో రకం. ఒక తాత ఉప్పునీళ్ళు ఆ వైపే పట్టి ఉంచమన్నాడు. ఒక తల్లి, మాకేం తేడా లేదండీ అంటుంటే, వెనక నుంచి కొడుకు అబద్ధం అబద్ధం అని అరవడం నాకు కూడా వినిపించింది. బస్సు డ్రైవరు ఒకాయన మాత్రం అందరినీ మించిపోయాడు. వేరుశనగ గింజలైనా ఏమైనా మందున్న వైపే నమలమని పిల్లాడికి చెప్పాడట.

"మందు తాగినోడే పని చెయ్యాలి కదమ్మా. రెండో వాణ్ణి సెలవులో ఉంచాను" అన్నాడు.

డాక్టరమ్మకు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఫోన్ పెట్టేసి, తల గోడకు ఆనించింది. ఇంతమంది మంచి తల్లిదండ్రులు ఒక్కచోట దొరకడం నా ఖర్మ పిన్నీ అంది.

కాసేపటికి ఉన్నట్టుండి తల ఎత్తింది. ఒక వైపు అంతలా తోమారు, ఇంకో వైపు ముట్టుకోనేలేదు, అయినా రెండూ సమానంగా వచ్చాయి కదా అని నిదానంగా, ఒక్కొక్క మాటా పేర్చుకుంటూ అంది. అలాగైతే పూత పనిచేసినట్టే కదా, తోమని లోటు అది పూడ్చినట్టే కదా అంది. మంచిదే కదమ్మా, అదే రాయండి అన్నాను.

"ఎలా రాస్తాను? ఎవరు ఎంత తోమారో నా దగ్గర లేదు. పనిచేసిందేమో అని రాయాలి. ఏమో అని రాస్తే ఎవరూ ఒప్పుకోరు. అలాగని పనిచేయలేదని రాయలేను ఇప్పుడు."

పెద్దసారు వచ్చారు. ఆయన గదిలోకి కడిగిన పనిముట్లు తీసుకెళ్ళేది నేనే కాబట్టి అక్కడ జరిగింది కొంత విన్నాను. ఆయన చెడ్డవాడు కాదు. ఈ చదువులో ఎంతోమందిని గట్టెక్కించి, ఆ గట్టు మీదే కూర్చుండిపోయిన మనిషి. ఆమె చెప్పిందంతా విన్నారు. ఉత్తి పూత వద్దన్నది నేనే కదా అని ఆయనే గుర్తు చేసుకున్నారు. చివర్లో ఒక వాక్యం చేర్చు, ఇళ్ళల్లో తోమడం మా చేతిలో లేదని రాయి, ప్రతి పరిశోధనలోనూ ఉండే వాక్యమే, నువ్వూ అలసిపోయావు, నేనూ అలసిపోయాను, ఇంటికెళ్ళమ్మా అన్నారు.

ఆమె ఆ కట్ట వైపు చూసింది. దీన్ని చదివి రేపు ఎవరైనా పిల్లలకు పూత వేయడం మానేస్తేనో అంది.

"నీ ఒక్క కాగితం చూసి ఎవరూ ఏదీ మానెయ్యరులేమ్మా" అన్నారాయన.

ఓదార్పుగానే అన్నారు. కానీ ఆ మాటకు ఆమె మొహంలో రక్తం లేకుండా పోయింది. ఆ ఒక్క కాగితం కోసమే కదా ఆమె కూతురికి ఫోనమ్మ అయింది. నేను ట్రే బల్ల మీద పెట్టి బయటికి వచ్చేశాను. నేను ఉంటే ఆమె ఏడవలేకపోతుందేమో అనిపించింది.

బయటికొచ్చినప్పుడు ఏడ్చినట్టు లేదు. కట్ట చంకలోనే ఉంది. ఇంకొక గడువు కావాలని రాసి ఇచ్చిందట. ఆయన సంతకం పెట్టి, కళ్ళజోడు తీసి కళ్ళు నులుముకున్నారట. ఈసారి రెండు వైపులా చూడటానికి ఒకేలా ఉండే పూత వేస్తారు, ఒకదాంట్లో మందు ఉండదు. ఏది ఏదో తల్లులకు తెలియదు, పిల్లలకు తెలియదు, చివరిదాకా ఆమెకు కూడా తెలియదు. ఈసారి పాపం అనుకోవడానికి ఏ వైపూ దొరకదు పిన్నీ అంది.

అప్పుడే మా అక్క వచ్చింది. ఎవరో ఫోన్ చేసి చెప్పినట్టుంది. పిల్లను రెక్క పట్టుకుని, మెట్లెక్కి, ఆయాసపడుతూ హాల్లో నిలబడింది. నన్ను చూసింది గానీ చూడనట్టే ఉంది. డాక్టరమ్మను పట్టుకుని, తప్పు నాదైతే నన్ననండి గానీ పిల్ల నోరు మధ్యలో వదిలేయకండి అంది. ఎప్పుడూ ఎవరినీ బతిమాలని మనిషి అలా చేతులు కట్టుకుని నిలబడితే చూడటం నా వల్ల కాలేదు.

డాక్టరమ్మ ఆమెను కూర్చోమంది. పిల్లను కుర్చీ ఎక్కించి, గులాబీ రంగు ముద్ద కలిపి, ప్లేటు కోసం అచ్చు అప్పటికప్పుడే తీసింది. పిల్ల ఆ ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళనీళ్ళు కారుస్తూ కూర్చుంది. అచ్చు గట్టిపడేదాకా మా అక్క పిల్ల కళ్ళు తుడుస్తూ కూర్చుంది.

"నా వల్లే మీ చదువు పాడైందా అమ్మా?" అంది మా అక్క చివరికి.

"మీరు పళ్ళు బాగా తోమించారండీ. నేనే సరిగ్గా అడగలేదు" అంది డాక్టరమ్మ.

వెళ్ళేటప్పుడు మా అక్క నా గది ముందు ఒక్క క్షణం ఆగింది. తిడుతుందనుకున్నాను. సాయంత్రం వచ్చేటప్పుడు సబ్బు తీసుకురా, అయిపోయింది అంది.

డాక్టరమ్మ కిటికీ దగ్గరికి వెళ్ళి భర్తకు ఫోన్ చేసింది. ఎక్కువ మాటలు లేవు. అవతలి మనిషి సరే అన్నట్టుంది. పాపకు నేను చెప్పలేను, నువ్వే చెప్పు అన్నాడట. పాపను పిలవమంది. పాప ఆడుకుంటోంది, రానంది. ఆమె ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని, అవతల పాప ఆడుకుంటున్న చప్పుడు వింటూ నిలబడింది.

ఆ పైన హాల్లోకి వచ్చి, ఖాళీగా ఉన్న చివరి కుర్చీలో పడుకుంది. కుర్చీ వాల్చడానికి ఆమెకు చేయి లేవలేదు. నేను వెళ్ళి మీట నొక్కి వాల్చాను. దీపం ఆర్పేశాను. బూట్లు విప్పబోతే వద్దు పిన్నీ, పది నిమిషాలు చాలు అంది. ఆ మాట సగంలోనే నిద్రపోయింది. చంకలో కట్ట జారబోతే తీసి పక్కన ట్రేలో పెట్టాను.

బయట బెంచీల మీద జనం ఉన్నారు. డాక్టరమ్మ రావడం ఆలస్యమవుతుందని చెప్పాను. ఎంతసేపని ఒకాయన విసుక్కున్నాడు. ఆఫీసుకు సెలవు పెట్టొచ్చాను, ఇలాగైతే ఎలా అన్నాడు. తెలియదు బాబూ, కూర్చోండి అన్నాను. తలుపు దగ్గరకు వేసి, నేను కూడా అక్కడే స్టూలు మీద కూర్చున్నాను.

ఇట్లు, మా ఆసుపత్రిలో అందరూ పిలిచే ట్రేల పిన్ని. వయసు అరవై మూడని కార్డులో ఉంది, ఒకటీ అరా అటూ ఇటూ ఉండొచ్చు. రోజూ బస్సెక్కలేక ఈమధ్యే ఇల్లు మారాం, ఇప్పుడు ఉండేది ఆసుపత్రి వెనక వీధిలో, ఇస్త్రీ కొట్టు పైగదిలో, మా తోడికోడలితో కలిసి.